ఎలీసమ్మ వాటా

1988 ఫిబ్రవరి 5, శుక్రవారం. ఉదయం పదిన్నరకు ఎలీసమ్మ పెరటి తలుపు తోసుకుని లోపలికి వచ్చి, రామమూర్తి అస్థికల ముంత కట్టిన జామచెట్టు కింద కూర్చుంది. లేవమంటే లేవలేదు.

రామమూర్తి బుధవారం పోయాడు. సత్తెనపల్లి హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. ఆ సాయంత్రమే దహనం అయింది. శుక్రవారం తెల్లవారాక తమ్ముడు లక్ష్మీనరసింహం శ్మశానానికి వెళ్లి, ఎముకలూ బూడిదా కొత్త ముంతలోకి ఎత్తి, మూతికి గుడ్డ కట్టి తెచ్చాడు. ఇంట్లోకి తేకూడదు గనుక చెట్టుకు వేలాడదీశాడు. రెండు గంటల బస్సుకు అమరావతి తీసుకుపోయి కృష్ణలో కలపాలి.

రామమూర్తి భార్య జ్ఞానప్రసూనాంబ పెరటి గదిలో చాప మీద ఉంది. మొగుడు పోయిన మనిషి పదో రోజు దాకా ఆ గది గడప దాటకూడదు. అన్నం గడప దగ్గర పెట్టి వెళ్తున్నారు. బుధవారం నుంచి ఆమెను ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. కిటికీ రెక్క ఒకటి మూసి, ఒకటి తెరిచి ఉంది. ఆ సందులోంచి చెట్టు మొదలూ, ఎలీసమ్మ పాదాలూ కనిపిస్తున్నాయి. కల్లం నుంచి నేరుగా వచ్చినట్టుంది. పాదాలకు మిరపపొడి అంటి ఉంది.

ఎలీసమ్మను మొదట పలకరించింది కోటేశ్వరమ్మ. రామమూర్తికి అక్క. తమ్ముడు పోయాడని తెనాలి నుంచి వచ్చింది.

"ఎవరే నువ్వు? పత్తికట్టె వేసే మనిషివా? ఇవాళ కట్టె అక్కర్లేదు, వెళ్లు."

"కట్టె తేలేదమ్మగారూ."

"మరెందుకొచ్చావు?"

"ఆ ముంత కోసం."

"ఏమిటీ?"

"మొత్తం కాదు. ఒక గుప్పెడు."

కోటేశ్వరమ్మ వీధివైపు తిరిగి కేక పెట్టింది. "ఒరేయ్ నరసింహం! ఇటు రా! ఇదెవరో బూడిద అడుక్కోవటానికి వచ్చింది. ఊళ్లో బియ్యం నిండుకున్నట్టున్నాయి!"

లక్ష్మీనరసింహం వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. అక్కడే ఆగాడు. అతని అడుగుల చప్పుడు ఆగడం జ్ఞానప్రసూనాంబకు వినిపించింది.

"ఎలీసమ్మా, నువ్విక్కడికి రాకూడదు" అన్నాడు.

"పేరు కూడా తెలుసా నీకు?" అంది కోటేశ్వరమ్మ.

"కట్టె వేస్తుందిగా అక్కయ్యా."

"కట్టె వేసేవాళ్ల పేర్లు పురోహితుడికెందుకురా? నీ మొహం అలా పాలిపోయిందేం?"

అతనికి బదులు ఎలీసమ్మ చెప్పింది.

"అయ్యగారు పోయిన సంగతి నాకు నిన్న సాయంత్రం కల్లంలో తెలిసింది పంతులుగారూ. ఎవరో అనుకుంటుంటే విన్నా. మీరే కబురు చేస్తారనుకున్నా."

"చేస్తే ఏం చేసేదానివి?"

"కాల్చకముందు వచ్చి అడిగేదాన్ని. నాది నాకియ్యమని."

లక్ష్మీనరసింహం పెరటి తలుపువైపు చూశాడు.

"నీదేమిటే మా తమ్ముడి దగ్గర?" కోటేశ్వరమ్మ గొంతు మారింది. "బడి నుంచి ఇల్లు, ఇంటి నుంచి బడి తప్ప వాడికి ఇంకో దారి తెలీదు. ఏం కూస్తున్నావు?"

ఎలీసమ్మ లేచి నిలబడి పైట పక్కకు జరిపింది. వెనక నడుం దగ్గర మొదలై పొట్టవైపు వచ్చిన కోత మచ్చ కనిపించింది. జ్ఞానప్రసూనాంబ కిటికీలోంచి చూడాల్సిన పని లేదు. మద్రాసులో కట్టు విప్పిన రోజున మంచం పక్కనే ఉంది.

కోటేశ్వరమ్మ చాకిరేవు బండ మీద కూర్చుండిపోయింది.

"నెల్లూరు కుర్రాడు కిడ్నీ ఇచ్చాడన్నారే. మేనమామ మనవడన్నారే నాతో."

"ఎవరిస్తేనేం అక్కయ్యా. అన్నయ్య బతికాడు కదా."

"ఎవరిస్తేనేమా? పద్నాలుగు నెలలు! నేను వచ్చినప్పుడల్లా ఆ కుర్రాడు చల్లగా ఉండాలని దణ్ణం పెట్టుకున్నాను. లేని కుర్రాడికి! ఇంటి ఆడపడుచుని. నన్ను పరాయిదాన్ని చేశారన్నమాట."

లక్ష్మీనరసింహం వెళ్లి పెరటి తలుపు గడియ పెట్టాడు. పక్కింటి వాళ్లకు వినపడకుండా గొంతు తగ్గించాడు.

"ఎలీసమ్మా, నీకు ఇవ్వాల్సింది మాట ప్రకారం ఇచ్చామా లేదా?"

"ఇచ్చారు. కాదనలేదు. దాంతోనే శ్లాబు ఇల్లు వేసుకున్నాం."

"అమ్మినదాని మీద మళ్లీ హక్కేమిటి? గేదెను అమ్ముకున్నవాడు అది చచ్చాక తోలు కావాలని వస్తాడా?"

"అమ్మావని మీరిప్పుడంటున్నారు. మద్రాసులో పెద్ద డాక్టరుగారి ముందు ఆ మాట అనొద్దన్నారుగా."

"అక్కడి సంగతి వేరు."

"రైల్లో అమ్మగారు నాకు నేర్పారు. అడిగితే, మాస్టారు నాకు అన్నలాంటివాడు, ప్రేమతో ఇస్తున్నానని చెప్పు, డబ్బు మాట ఎత్తకు అని. గూడూరు దాటేదాకా మళ్లీ మళ్లీ అప్పజెప్పించుకున్నారు. నేను అక్షరం పోకుండా చెప్పా. డాక్టరుగారు నా తల నిమిరి, ఇది గొప్ప దానమమ్మా అన్నాడు. అక్కడ దానమైంది ఇక్కడికొచ్చేసరికి అమ్మకం ఎట్టా అయింది పంతులుగారూ?"

కిటికీ అవతల జ్ఞానప్రసూనాంబ ఆ మాటలన్నీ వింది. ఒక్కటీ అబద్ధం కాదు. మధ్యలో దళారీ లేడు. ఆ పెరటి తలుపు దగ్గరే, తల మీంచి పత్తికట్టె మోపు దించుకుంటున్న ఎలీసమ్మను ఆమే నేరుగా అడిగింది. ఎలీసమ్మ వారం ఆగి వచ్చి సరేనంది.

అంతకుముందు లక్ష్మీనరసింహాన్ని అడిగారు. అన్నదమ్ముల రక్తం కలిసిందని డాక్టర్లు చెప్పారు. అంగం లోపించినవాడి చేత ఎవరూ కర్మలు చేయించుకోరని, పౌరోహిత్యం తప్ప తనకు వేరే వృత్తి లేదని అతను అన్నాడు. ఆ మాట అన్న నెలలోనే తన వాటాకు వచ్చిన మిరప చేను అమ్మి డబ్బు తెచ్చి వదిన చేతికిచ్చాడు. ఆ రోజు నుంచి వాళ్లిద్దరూ ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

"ఏం చేసుకుంటావే ఆ బూడిద?" అంది కోటేశ్వరమ్మ.

"పాతిపెట్టుకుంటానమ్మగారూ. మా సమాధుల దొడ్లో."

"బూడిదని పాతిపెడతావా?"

"మా బావ జయరావుకి పిడుగురాళ్ల క్వారీలో రాయి పడి కాలు తీసేశారు. ఆ కాలు గోనెలో చుట్టుకుని తెచ్చారు. ఇమ్మానియేలు పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి పాతిపెట్టించాడు. చిన్న గుంట, చిన్న సిలువ. మా బావ ప్రతి క్రిస్మస్‌కీ పోయి దానికి సున్నం కొట్టుకుంటాడు. నా కాలు ముందుపోయి నాకు చోటు పట్టిందిరా అంటాడు. ప్రభువు లేపే రోజున మనిషిదంతా ఒక్కచోట ఉండాలని మావాళ్లు అట్టా పెట్టుకుంటారు."

"నీది పోయి పద్నాలుగు నెలలైందిగా. ఇన్నాళ్లూ గుర్తు రాలేదా?"

"ఇన్నాళ్లూ దిగులు లేదమ్మగారూ. బతికే ఉందిగా. నేను బడి మొహం చూళ్లేదు, అదన్నా రోజూ బడికి పోతందిలే అనుకునేదాన్ని. లెక్కలు కూడా నేర్చుకునుంటదని మా పిల్ల ప్రేమమ్మతో అంటే అది పడిపడి నవ్వింది." ఎలీసమ్మ ముంతవైపు చూసింది. "ఇప్పుడు కృష్ణలో పోతే ఎక్కడని వెతుక్కోను?"

"కాలిపోయింది ఎలీసమ్మా" అన్నాడు లక్ష్మీనరసింహం. "అందులో ఏది నీదో, ఏది మా అన్నదో ఎవరు చెప్తారు?"

"ఎవరూ చెప్పలేరు. అందుకే ఏ గుప్పెడైనా ఫర్వాలేదంటున్నా."

"ఆ గుప్పెట్లో మా అన్న ఉంటాడు. ఆయన్ని తీసుకుపోయి సిలువ కింద పెడతావా? నేను ఒప్పుకోవాలా?"

"మీరు నన్ను కృష్ణలో కలుపుతున్నారుగా. నేనొప్పుకున్నానా?"

కోటేశ్వరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

లక్ష్మీనరసింహం చెట్టుకు దూరంగా, నూతి గట్టు మీద కూర్చున్నాడు. ఎలీసమ్మతో మాట్లాడుతున్నా కిటికీవైపు చూస్తున్నాడు.

"నేను ఇవ్వాల్సింది. ఇవ్వలేదు. అది నాకు తెలుసు, ఈ ఇంట్లో అందరికీ తెలుసు. ఇప్పుడు అన్నయ్యకి నేను చేయగలిగింది ఈ పది రోజుల కర్మ ఒక్కటే. ఇదన్నా పూర్తిగా చేస్తాను. గుప్పెడు తగ్గిన ముంత పట్టుకుని నేను నదిలో దిగను."

ఎలీసమ్మ మళ్లీ చెట్టు మొదట్లో కూర్చుంది. "అట్టయితే నేనూ లేవను" అంది.

*

పన్నెండు దాటింది. నీడ జామచెట్టు కిందికి ముడుచుకుంది. లక్ష్మీనరసింహం స్నానానికి వెళ్లాడు.

కోటేశ్వరమ్మ బండ మీంచి లేవలేదు.

"పొద్దున ఏమన్నా తిన్నావా?"

"లేదమ్మగారూ."

"ఈ ఇంట్లోనూ ఎవరూ తినలేదులే." మళ్లీ అడిగింది. "నీ మొగుడు పంపాడా నిన్ను?"

"మరియదాసా? ఆయన నాతో మాటలు మానేశాడు. సగం మనిషి అంటాడు. శ్లాబు కింద ఆయన పడుకుంటాడు. నేను వసారాలో పడుకుంటా."

"ఒళ్లు కోసుకుని ఇల్లు కట్టిస్తే వసారాలో పడుకుంటావా? చీపురు తిరగెయ్యలేకపోయావా?"

"వంగితే నొప్పమ్మగారూ."

కోటేశ్వరమ్మకు నవ్వు వచ్చింది. చావింట్లో నవ్వినందుకు తలుపువైపు చూసుకుంది.

"పనికి పోతున్నావుగా మరి?"

"మేస్త్రి బస్తాలెత్తే పనికి పిలవడు. తొడిమెలు తీసే ముసలోళ్ల దగ్గర కూర్చోబెడతాడు. గుళ్లో ఆడోళ్లు చాప మీద జరిగి కూర్చుంటారు. దేవుడిచ్చింది అమ్ముకున్నానంట. పాస్టరుగారొక్కడే ఏమీ అనడు. రాత్రి పోయి అడిగితే, తీసుకురామ్మా, ప్రార్థన చేస్తాను అన్నాడు."

కోటేశ్వరమ్మ కిటికీవైపు తిరిగింది.

"ప్రసూనా. వింటున్నావా? నువ్వేమంటావు?"

బుధవారం తర్వాత ఇప్పుడే ఎవరో తన పేరు పలికారు. జ్ఞానప్రసూనాంబ చాప మీంచి కిటికీ దగ్గరికి జరిగింది. అప్పటికే కోటేశ్వరమ్మ నూతి దగ్గరికి వెళ్లిపోయింది.

ఒంటిగంట దాటాక లక్ష్మీనరసింహం తడిపంచతో, చేతి వేలికి దర్భ ఉంగరంతో వచ్చాడు. ముంత విప్పడానికి చెట్టు దగ్గరికి నడిచాడు. ఎలీసమ్మ లేచి కొమ్మకు అడ్డంగా నిలబడింది.

"తప్పుకో. మడిలో ఉన్నాను."

"తెలుసు. మీరు నన్ను ముట్టుకోరు. నేను తప్పుకోను."

అతను అటువైపు వెళ్లాడు. ఆమె అటు తిరిగింది. ఇటువైపు వచ్చాడు. ఇటు తిరిగింది.

"బస్సు పోతుంది ఎలీసమ్మా."

"ముంతలో ఉన్న నన్ను ఒళ్లో పెట్టుకుని బస్సెక్కుతారు. ఇక్కడున్న నన్ను ముట్టుకుంటే మైలపడతారు. ఎట్టా పంతులుగారూ?"

"అక్కయ్యా, నువ్వు చెప్పు దానికి."

"నాతో మీరేం చెప్పారని ఇప్పుడు నేను చెప్పాలిరా?" అంది కోటేశ్వరమ్మ.

అప్పుడు పెరటి గది తలుపు తెరుచుకుంది.

"ప్రసూనా! గడప దాటకు!"

జ్ఞానప్రసూనాంబ గడప దాటింది. గోడ పట్టుకుని చెట్టు దాకా వచ్చింది. లక్ష్మీనరసింహం రెండడుగులు వెనక్కి వేశాడు.

"వదినా, లోపలికి వెళ్లండి."

"ఆమెను నేనే అడిగాను నరసింహం. ఆ తలుపు దగ్గర. ఇస్తానని ఆమె రాలేదు."

"డబ్బిచ్చాం వదినా."

"ఇచ్చాం. ఆయన పద్నాలుగు నెలలు బతికారు. ఆ లెక్క తీరిపోయింది. డాక్టరు ముందు నేను చెప్పించిన మాట ఉండిపోయింది."

"ఆ ముంత మీరు ముట్టుకుంటే నేనిక కర్తగా ఉండను. అన్నయ్యకి పిల్లలు లేరు. నేను తప్పుకుంటే రేపటి పిండం పెట్టే చెయ్యి లేదు. పదో రోజు లేదు, పన్నెండో రోజు లేదు. ఆయనకి దారి మూసేది మీరే అవుతారు. ఆలోచించుకోండి."

"ఆలోచించాను."

"ఎప్పుడు?"

"పొద్దుటి నుంచి. నాకింకేం పని ఉంది?"

ఆమె చెయ్యి చాచి ముంత మూతి గుడ్డ విప్పింది. లోపలికి చెయ్యి పెట్టడానికి ముందు ఒకసారి ఆగింది. ఎలీసమ్మ కొంగు పట్టింది. జ్ఞానప్రసూనాంబ ఒక గుప్పెడు తీసి అందులో పోసింది. బూడిదలో ఒక ఎముక ముక్క ఉంది. గోరంత ఉంది. ఇద్దరూ చూశారు. ఎలీసమ్మ కొంగు ముడి వేసుకుంది.

"అమ్మగారూ, చేతులు కడుక్కోండి" అంది.

గడియ తీసుకుని వెళ్లిపోయింది.

లక్ష్మీనరసింహం దర్భ ఉంగరం తీసి చాకిరేవు బండ మీద పెట్టాడు. లోపలికి వెళ్లి పొడి బట్ట కట్టుకున్నాడు. వీధిలో సైకిలు స్టాండు తీసిన చప్పుడు వినిపించింది.

"ఒరేయ్ నరసింహం!" అని కోటేశ్వరమ్మ వీధి అరుగు దాకా పరుగెత్తింది. అప్పటికే సైకిలు మలుపు తిరిగింది.

అమరావతి బస్సు రెండు గంటలకు వెళ్లిపోయింది. ముంత చెట్టుకే ఉండిపోయింది.

*

సాయంత్రం కోటేశ్వరమ్మ పెరటి గది గడప దగ్గర అన్నం పెట్టింది. వెళ్లిపోలేదు. గోడకు ఆనుకుని బయట కూర్చుంది.

"నేనైతే ఇచ్చేదాన్ని కాదు" అంది.

జ్ఞానప్రసూనాంబ గడపకు ఇవతల కూర్చుంది.

"తప్పు చేశావని అనటం లేదు. ఇచ్చేదాన్ని కాదంటున్నాను, అంతే." తర్వాత అడిగింది, "వాడికి తెలుసా? రామమూర్తికి? ఎవరిదో?"

"తెలుసు. ఆమె కట్టె తెచ్చినప్పుడల్లా మోపు తనే దించేవారు. వద్దంటే వినేవారు కాదు."

"ఆవిడతో ఏమనేవాడు?"

"ఏమీ అనేవారు కాదు వదినగారూ. ఇద్దరూ ఏమీ అనుకునేవాళ్లు కాదు."

అన్నం చల్లారిపోయింది. ఇద్దరిలో ఎవరూ కంచం జరపలేదు.

లక్ష్మీనరసింహం ఇంటికి రాలేదు.

శనివారం ఉదయం ఎనిమిదింటికి కర్మ చేయించే శాస్త్రిగారు వచ్చాడు. కర్త ఏడని అడిగాడు. వస్తాడని కోటేశ్వరమ్మ చెప్పింది. ఆయన అరుగు మీద కూర్చుని, ఎండ అరుగెక్కేదాకా చూసి, పిండానికి ఉడికించిన మెతుకులు కాకులకు వేసేయమని చెప్పి వెళ్లిపోయాడు.

తర్వాత పాలు పోసే రసూల్‌బీ పెరటి తలుపు దగ్గరికి వచ్చింది.

"పంతులుగారు ఇంటికొచ్చాడా అమ్మా?"

"ఎందుకే?" అంది కోటేశ్వరమ్మ.

"నిన్న పొద్దుగూకే వేళ గేదెల్ని తోలుకుపోతుంటే చూశా. చినపాలెం అవతల, క్రైస్తవుల సమాధుల దొడ్డి గేటు దగ్గర సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపల ఎలీసమ్మ, పాస్టరుగారు ఉన్నారు. కుంటి జయరావు గుంట తవ్వుతున్నాడు. ఈయనకక్కడ ఏం పనా అనుకున్నా."

"ఏమన్నా అంటున్నాడా వాళ్లని?"

"లేదమ్మా. ఊరికే నిలబడి ఉన్నాడు."

కిటికీలోంచి జ్ఞానప్రసూనాంబ అడిగింది. "లోపలికి వెళ్లాడా?"

రసూల్‌బీ కిటికీవైపు చూసి తల దించుకుంది. "నేను చూళ్లేదమ్మా. తిరిగొచ్చేటప్పుడు సైకిలు గేటుకి ఆనించి ఉంది. ఆయన గేటు దగ్గర లేడు."